తేదీలు చెప్పినా వినలేదు

ప్రాణం తీసే జబ్బుల జాబితా వేరు. ప్రాణం ఉండగానే బతుకులోంచి రోజుల్ని లాగేసుకునే జబ్బుల జాబితా వేరు. 2019 నాటి ప్రపంచ ఆరోగ్య లెక్కల ప్రకారం ఆ రెండో జాబితాలో మైగ్రేన్‌ది రెండో స్థానం. పదిహేనుకీ యాభైకీ మధ్య వయసున్న ఆడవాళ్ళను మాత్రమే తీసుకుంటే మొదటి స్థానం. చదువుకునే వయసు, ఉద్యోగం చేసే వయసు, పిల్లల్ని కని పెంచే వయసు. ఈ జబ్బు గట్టిగా పట్టుకునేది సరిగ్గా ఆ ఏళ్ళలోనే.

ఇంత పెద్ద జబ్బుని మనం ఏపాటి లెక్కచేస్తున్నాం? ఇంట్లో "పైత్యం చేసింది, కాస్త నిమ్మకాయ నీళ్ళు తాగు" అంటారు. ఆఫీసులో "నిన్న బాగానే ఉన్నావుగా" అంటారు. మందుల షాపులో మరో ప్రశ్న వేయకుండా మాత్ర చేతిలో పెడతారు. ఆసుపత్రికి వెళితే ఒకరు కళ్ళద్దాలు మార్చమంటారు, ఒకరు సైనస్ అంటారు, మరొకరు స్కాన్ తీయించి "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేస్తారు. మైగ్రేన్ ఉన్నవాళ్ళ స్కాన్ చాలావరకు మామూలుగానే ఉంటుంది. అది మామూలుగా ఉందంటే జబ్బు లేదని కాదు. ఈ ఒక్క సంగతి చెప్పేవాళ్ళు లేక, తమ నొప్పి నిజమేనా అని తమనే అనుమానించుకుంటూ బతికిన అమ్మలూ అక్కలూ మన ఇళ్ళలో ఎందరో.

నా కోపం ఇంటి మీద మాత్రమే కాదు. ఇంటికి తెలియకపోతే చెప్పవలసింది శాస్త్రం. ఆ శాస్త్రమే ఆడవాళ్ళ తలలో ఏం జరుగుతోందో చూడడానికి దశాబ్దాల పాటు మనసు పెట్టలేదు. మనసు పెట్టిన కొద్దిమంది పనికి దక్కవలసిన విలువ దక్కలేదు. ఆడవాళ్ళ మైగ్రేన్ వెనక ఉన్న శారీరక కారణాల పరిశోధన అంటే పెద్ద పరిశోధనకి తోకలా అంటించే చిన్న విషయమని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. అసలు విషయమే అది అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ తలలో జరిగేదేమిటో చూద్దాం. మెదడుకి సొంతంగా నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాన్ని కప్పి ఉంచే డ్యూరా అనే పొరకి. ఆ పొరలోని రక్తనాళాల చుట్టూ ట్రైజెమినల్ నాడి కొసలు అల్లుకుని ఉంటాయి. ముఖానికీ కళ్ళకీ పళ్ళకీ స్పర్శ తెలిసేది కూడా ఆ నాడి వల్లే. అందుకే మైగ్రేన్ ఒక్కోసారి కంటి వెనక పోటుగానో, దవడ లాగుడుగానో, ముక్కు దిబ్బడగానో వచ్చి సైనస్ అనిపిస్తుంది. ఆ నాడి కొసలు రేగినప్పుడు సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్ ముక్కని వదులుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి సంకేతం మెదడు కాండం మీదుగా పైకి చేరుతుంది. ఆ దారి అంతా ఒకసారి సున్నితమైపోయాక దువ్వెన తగిలినా జుట్టు మొదళ్ళు మండుతాయి. మెట్లెక్కితే కణతలు అదురుతాయి. కిటికీలోంచి వచ్చే ఎండ, పోపు వాసన, కుక్కర్ కూత, ఏదీ ఓర్చుకోలేరు. కడుపులో తిప్పి వాంతి అవుతుంది. మందు పడకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఇదే. కొందరికి ఇదంతా మొదలయ్యే ముందు కళ్ళెదుట మెరిసే మెలికల గీతలు కనిపిస్తాయి. దాన్ని ఆరా అంటారు.

ఇందులో ఎక్కడా బలహీనమైన మనసు లేదు, పని తప్పించుకునే ఎత్తు లేదు. నాడి ఉంది, ప్రోటీన్ ఉంది, రక్తనాళం ఉంది. అయినా చాలాకాలం దీన్ని స్వభావం కిందే జమ కట్టారు. న్యూయార్క్‌లో పనిచేసిన హెరాల్డ్ వుల్ఫ్ తలనొప్పి పరిశోధనకి పునాది వేసినవాడు. 1938లో జాన్ గ్రాహంతో కలిసి, ఎర్గోటమైన్ ఇస్తే కణత దగ్గరి రక్తనాళం కొట్టుకునే ఉధృతి తగ్గుతుందనీ, దాంతోపాటు నొప్పీ తగ్గుతుందనీ కొలిచి చూపించాడు. అంత కొలత తెలిసినవాడే అంతకు ముందు ఏడాది మైగ్రేన్ మనుషులకి ఒక వ్యక్తిత్వాన్ని అంటగట్టాడు: అన్నీ పక్కాగా ఉండాలనే పట్టుదల, పైకి రావాలనే తపన, లోపల దాచుకున్న కోపం. తర్వాతి పరిశోధనల్లో, రక్తనాళాలు ఉబ్బడం వల్లే నొప్పి అన్న ఆయన సిద్ధాంతం సడలిపోయింది. వ్యక్తిత్వం మాట మాత్రం నిలిచిపోయింది. "నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు, అందుకే నీకీ తలనొప్పి" అని ఈనాడు మన వీధి చివర క్లినిక్‌లో వినిపించే మాటకి వేరు అక్కడుంది. ఆడవాళ్ళ జబ్బు అన్న ముద్ర పడినకొద్దీ మైగ్రేన్‌కి వైద్యలోకంలో దక్కే గౌరవం ఎలా తగ్గుతూ వచ్చిందో సమాజ శాస్త్రవేత్త జోవానా కెంప్నర్ 2014లో ఒక పుస్తకమంతా రాసి చూపించింది.

గౌరవంలో ఉన్న తేడా ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1941లో కార్ల్ లాష్లీ అనే శాస్త్రవేత్త, తన కళ్ళెదుట కనిపించే మెలికల గీత ఎలా కదులుతోందో గమనించి కాగితం మీద గీసుకున్నాడు. మెదడు వెనక భాగంలో ఏదో ఒకటి నిమిషానికి మూడు మిల్లీమీటర్ల చొప్పున పాకుతూ ఉండాలని లెక్క కట్టాడు. 1944లో బ్రెజిల్‌కి చెందిన అరిస్టీడెస్ లెయావ్ హార్వర్డ్‌లో కుందేళ్ళ మెదడు మీద పనిచేస్తూ, దాదాపు అంతే నిదానంగా పాకుతూ నాడీకణాలను కాసేపు మూగబోయేలా చేసే ఒక తరంగాన్ని కనిపెట్టాడు. ఆ రెంటికీ ఉన్న సంబంధాన్ని తర్వాతివాళ్ళు పోల్చుకున్నారు. ఒక మనిషి తన తలనొప్పి గురించి తాను రాసుకున్న గమనిక అలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఎక్కవలసిందే, అది గొప్ప పని. మరి "నెలసరికి రెండు రోజుల ముందు మొదలై మూడో రోజుకి తగ్గుతుంది డాక్టరు గారూ" అని ఆడవాళ్ళు చెబుతూ వచ్చిన గమనిక మాట ఏమిటి? అదీ కాలాన్ని కొలిచి చెప్పిన మాటే. ఒక్కరు కాదు, అన్ని దేశాల్లో, అన్ని భాషల్లో చెప్పారు. తేదీలతో సహా చెప్పారు. దాన్ని ఆధారంగా తీసుకోవలసింది పోయి, గోడుగా విని ఊరుకున్నారు.

శరీరం ఇచ్చే సాక్ష్యం ఇంకా ఉంది. చిన్నతనంలో ఈ జబ్బు మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఇంచుమించు సమానంగానే వస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పటి నుంచి తేడా మొదలవుతుంది. పెద్దవాళ్ళలో ఒక మగవాడికి ముగ్గురు ఆడవాళ్ళ చొప్పున బాధపడుతున్నారు. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా మూడో నెల దాటాక, చాలామందికి నొప్పులు తగ్గిపోతాయి. కాన్పయ్యాక తిరిగొస్తాయి. నెలసరి ఆగిపోయే ముందు ఏళ్ళలో హార్మోన్లు ఎగుడుదిగుడైనప్పుడు పెట్రేగి, పూర్తిగా ఆగాక చాలామందిలో నెమ్మదిస్తాయి. ఒక స్త్రీ జీవితమంతా ఇంత తేటగా ఒకే దిక్కుకి వేలు చూపిస్తుంటే, ఆ దిక్కుకి వెళ్ళి చూడాలని ఎంతమందికి అనిపించింది?

ఒకరికి అనిపించింది. ఆస్ట్రేలియాలో బ్రయన్ సోమర్విల్ అనే డాక్టరు 1970ల మొదట్లో చేసిన ప్రయోగాల గురించి ఎప్పుడు చదివినా నాకు ఆనందమూ దుఃఖమూ కలిసే వస్తాయి. నెలసరి వేళకి మైగ్రేన్ వచ్చే కొద్దిమంది ఆడవాళ్ళకి ఆయన నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. రక్తస్రావం వేళకే మొదలైంది. నొప్పి మాత్రం వాయిదా పడి, రక్తంలో ఈస్ట్రోజెన్ తగ్గాకే వచ్చింది. ప్రొజెస్టిరోన్ ఇచ్చి చూస్తే రక్తస్రావం ఆలస్యమైంది, నొప్పి మాత్రం వేళ తప్పలేదు. అంటే నొప్పిని లేపేది నెలసరి కాదు, దానికి ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం. పెద్ద పరికరాలు లేకుండా, రెండు హార్మోన్లతో, ఓపికగా రోజులు లెక్కపెట్టి తేల్చిన నిజం ఇది. ఆ నిజాన్ని పట్టుకుని పరిశోధనలు వెల్లువెత్తవలసింది. వెల్లువెత్తలేదు. ఈస్ట్రోజెన్ పడిపోతే ట్రైజెమినల్ నాడి ఎందుకు రేగుతుందన్న ప్రశ్నకి అర్ధ శతాబ్దం దాటినా పూర్తి జవాబు లేదు.

ఎందుకు లేదు? ప్రయోగశాలల్లో ఆడ ఎలుకలు చాలినన్ని లేవు గనక. అమెరికాలో అనాలిస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ 2009 నాటి పరిశోధన పత్రాలను తిరగేసి లెక్క తీశారు. నాడీ శాస్త్రంలో ఆడ జంతువుల మీద మాత్రమే చేసిన పని ఒకటి ఉంటే మగవాటి మీద మాత్రమే చేసినవి ఐదున్నర ఉన్నాయి. ఆడ ఎలుకకి నాలుగైదు రోజులకోసారి హార్మోన్ చక్రం తిరుగుతుంది, ఫలితాలు గజిబిజి అవుతాయి అన్నది చెప్పే సాకు. 2014లో ఆ సాకునీ లెక్కవేసి చూశారు. ఆడ ఎలుకల కొలతల్లో మగ ఎలుకల కంటే ఎక్కువ హెచ్చుతగ్గులు లేవని తేలింది. ఇక మనుషుల సంగతి. గర్భం దాల్చగల వయసు ఆడవాళ్ళను తొలిదశ మందుల పరీక్షలకి దూరంగా ఉంచాలని అమెరికా ఔషధ సంస్థ 1977లో మార్గదర్శకం పెట్టింది. 1993లో గానీ దాన్ని వదులుకోలేదు. జంతు ప్రయోగాల్లోనూ ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు పట్టుబట్టింది 2016లో.

ఈ అన్యాయంలోని వైపరీత్యం చూడండి. మైగ్రేన్ మందుల తుది పరీక్షల్లో పాల్గొనేవాళ్ళలో నూటికి ఎనభైకి పైగా ఆడవాళ్ళు. మందు మింగేది వాళ్ళు, సూది పొడిపించుకునేది వాళ్ళు, డైరీ రాసేది వాళ్ళు. ఆ మందుకి దారి చూపిన ప్రాథమిక పరిశోధనలో మాత్రం ఎక్కువగా మగ ఎలుకలు.

ఆడ ఎలుకలని చూసినప్పుడల్లా శాస్త్రానికి ఏదో ఒకటి దొరికింది. లెయావ్ కనిపెట్టిన ఆ తరంగాన్ని ఆడ ఎలుకల్లో లేపడానికి తక్కువ ఉద్దీపన చాలునని 2007లో తేలింది. వంశపారంపర్య మైగ్రేన్ జన్యువున్న ఎలుకల్లోనూ అదే తేడా ఉందని 2009లో చూశారు. అండాశయాలు తీసేస్తే ఆ తేడా తగ్గింది, ఈస్ట్రోజెన్ ఇస్తే తిరిగొచ్చింది. 2019లో డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ డస్సార్ బృందం సీజీఆర్‌పీని నేరుగా డ్యూరా మీద వేసి చూసింది. ఆడవి నొప్పితో స్పందించాయి, మగవి స్పందించలేదు. మైగ్రేన్‌కి కీలకమైన అణువే ఆడ, మగ శరీరాల్లో వేరుగా పనిచేస్తుంటే, మగ ఎలుకలతో గడిపిన అన్నేళ్ళలో మన చేయి జారిపోయిన నిజాలెన్నో ఎవరు చెప్పగలరు?

సీజీఆర్‌పీ కథ నిజంగా గొప్పది. 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ మైగ్రేన్ నొప్పి నడుస్తుండగా మెడ సిరలోంచి తీసిన రక్తంలో అది పెరిగిందని చూపించారు. 2018లో దాన్ని అడ్డుకునే మొదటి నివారణ మందు వచ్చింది. అంతకు ముందు నివారణకి ఎక్కువగా ఇచ్చినవి రక్తపోటు మాత్రలు, మూర్ఛ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు. వాటిలో వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకి హాని చేస్తుంది. పిల్లల్ని కనే వయసులో ఎక్కువగా వచ్చే జబ్బుకి అటువంటి మందు వాడవలసి రావడమే ఈ పరిశోధన ఎంత వెనకబడిందో చెబుతుంది. సీజీఆర్‌పీ దారి చూపినందుకు గోడ్స్‌బీ, ఎడ్విన్సన్, మైకేల్ మాస్కోవిట్జ్, జెస్ ఓలెసెన్ నలుగురికీ 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. వాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ ప్రోటీన్ నెలసరితో పాటు పెరుగుతుందా అన్న సూటి ప్రశ్నకి స్పష్టమైన జవాబు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2023లో. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో బియాంకా రఫ్ఫాయెల్లి బృందం 180 మంది ఆడవాళ్ళ రక్తంలోనూ కన్నీళ్ళలోనూ కొలిచింది. నెలసరి రోజుల్లో మైగ్రేన్ ఉన్నవాళ్ళలో సీజీఆర్‌పీ మైగ్రేన్ లేనివాళ్ళ కంటే ఎక్కువగా ఉంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో, నెలసరి ఆగిపోయినవాళ్ళలో ఆ తేడా కనపడలేదు. సోమర్విల్ చెప్పిన హార్మోన్‌నీ గోడ్స్‌బీ కొలిచిన ప్రోటీన్‌నీ కలిపే లంకె ఇది. 1990కీ 2023కీ మధ్య ముప్ఫై మూడేళ్ళు. ఆ లోపు ఒక తరం ఆడపిల్లలు పెద్దమనుషులై, పెళ్ళిళ్ళై, పిల్లల్ని కని, నెలసరి ఆగిపోయే వయసుకి వచ్చేశారు.

అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో నెలసరి మైగ్రేన్‌కి అసలు భాగంలో చోటు దక్కలేదు. 2018 నాటి కూర్పులోనూ దాన్ని వెనక అనుబంధంలోనే ఉంచారు, ఇంకా రుజువులు కావాలని. రుజువులు కావాలంటే పరిశోధన కావాలి. పరిశోధనకి డబ్బు కావాలి. అమెరికాలో జబ్బు కలిగించే నష్టాన్నీ దానికి కేటాయించే డబ్బునీ పక్కపక్కన పెట్టి 2021లో ఒక లెక్క తీశారు. ఎక్కువగా ఆడవాళ్ళకి వచ్చే జబ్బులకి డబ్బు తక్కువ. బాగా తక్కువ దక్కినవాటిలో మైగ్రేన్ ఒకటి.

"ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదుగా, వయసు దాటితే అదే పోతుంది" అనే పెద్దలకి ఒకటే మాట చెబుతాను. ఆరాతో మైగ్రేన్ వచ్చే ఆడవాళ్ళకి పక్షవాతం ముప్పు ఎక్కువ. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది, అందుకే వాళ్ళకి అవి ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మాత్ర రాసే ముందు "తలనొప్పికి ముందు కళ్ళెదుట మెరుపులు కనిపిస్తాయా" అని అడిగే డాక్టర్లు మన ఊళ్ళలో ఎంతమంది? నొప్పి వచ్చినప్పుడల్లా మాత్ర వేసుకుంటూ పోతే, నెలలో సగం రోజులు అలా గడిచేసరికి ఆ మాత్రే తలనొప్పిని తెచ్చిపెడుతుందని చెప్పేవాళ్ళు ఎంతమంది?

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. మన పొరుగున కర్ణాటకలో ఇల్లిల్లూ తిరిగి చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. పెద్దవాళ్ళలో నూటికి పాతిక మందికి ఏడాదిలో మైగ్రేన్ వస్తోందని అందులో తేలింది. ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. చదువుకున్నవాళ్ళకీ ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకీ వచ్చే జబ్బు అనే అపోహని ఆ లెక్క చెరిపేసింది. నాట్లు వేసే చేతులకీ బీడీలు చుట్టే చేతులకీ కూడా ఈ నొప్పి తెలుసు.

విన్న డాక్టరుకి ఏం దొరుకుతుందో కూడా మన దేశంలోనే చూశాం. ముంబయిలో కె. రవిశంకర్ అనే తలనొప్పి నిపుణుడు, తలంటు పోసుకున్న రోజున నొప్పి వస్తుందని ఆడవాళ్ళు చెప్పిన మాటని తోసెయ్యలేదు. అటువంటి 94 మందిని గమనించి 2006లో అంతర్జాతీయ తలనొప్పి పత్రికలో రాశారు. మన అమ్మమ్మలు ఎప్పటి నుంచో చెబుతున్న మాట అలా వైద్య గ్రంథాల్లోకి చేరింది. వినడానికి ఖర్చేమీ కాలేదు.

తెలుగువాళ్ళకి ఈ నొప్పితో ఒక పాత రుణం కూడా ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే ఆంధ్రపత్రిక నిలిచింది, భారతి నిలిచింది, ఎన్నో మంచి పుస్తకాలు వెలుగు చూశాయి. కణతలకి ఆ లేపనం రాసుకుని, కొంగు తలకి బిగించి కట్టుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళ డబ్బులు కూడా అందులో ఉన్నాయి. వాళ్ళ తలనొప్పి మన పత్రికలని పోషించింది. ఆ నొప్పి వెనకున్న శాస్త్రానికి మన పత్రికలు ఎన్ని పుటలు ఇచ్చాయి? ఈ ప్రశ్న కలం పట్టిన మా అందరికీ.

అందుకని అడుగుతున్నాను. ప్రపంచానికి మందులు చేసి పంపే హైదరాబాదులో, జీవశాస్త్ర పరిశోధనకి పేరున్న హైదరాబాదులో, ఆడవాళ్ళ మైగ్రేన్ మీద పనిచేసే వాళ్ళకి డబ్బు, చోటు, గౌరవం ఇవ్వండి. వైద్య కళాశాలల్లో నాడీ విభాగమూ స్త్రీల విభాగమూ కలిసి కూర్చుని చూసే తలనొప్పి క్లినిక్ పెట్టండి. పల్లె ఆడవాళ్ళని ఆ అధ్యయనాల్లో చేర్చండి. పరిశోధక విద్యార్థులారా, మీ ప్రయోగంలో ఆడ ఎలుక లేకపోతే ఎందుకు లేదో మీ గైడుని అడగండి. డాక్టర్లూ, చీటీ రాసే ముందు చివరి నెలసరి తేదీ అడగండి, ఆరా గురించి అడగండి.

అమ్మా, అక్కా, చెల్లీ, మీకూ ఒక మాట. నొప్పి వచ్చిన రోజు, నెలసరి వచ్చిన రోజు, వేసుకున్న మాత్ర క్యాలెండరు మీద రాయండి. మూడు నెలలు రాసి డాక్టరు ముందు పెట్టండి. ఆ కాగితం ఆధారం. దాన్ని చదవకుండా పక్కన పెట్టే డాక్టరు దగ్గర ఆగకండి, చదివే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.